క్లచ్ లేని కారు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది ప్రొద్దుటూరులోని ఒక బస్సుల కంపెనీ వర్క్‌షాపులో నన్ను హెడ్ ఫిట్టర్ నుంచి ఫోర్‌మన్‌ను చేశారు. ఫోర్‌మన్ అంటే స్పానరు పట్టడం తగ్గి, సంతకం పెట్టడం పెరిగిన ఫిట్టరు. షెడ్డులోకి వచ్చే ప్రతి బండికీ జాబ్ కార్డు అని ఒక అట్టముక్క ఉంటుంది. చేసిన పనులు దాని మీద రాసి, కింద ఫోర్‌మన్ సంతకం చేస్తేనే బండి గేటు దాటాలి. కంపెనీ బస్సులే కాక బయటి బండ్లూ వచ్చేవి. నా చేతికి లొంగని బండి జిల్లాలో లేదని నేనే చెప్పుకునేవాణ్ణి. నలుగురూ ఒప్పుకునేవారు కూడా.

ఆ చలికాలంలో పులివెందుల నుంచి ఒక డాక్టరు గారు, వేసవిలో బ్రేకుల పనికి తెచ్చిన తన కారును మళ్లీ తెచ్చారు. యుద్ధంలో సైన్యానికి వైద్యం చేస్తూ ఎడమకాలు మోకాలి కింద పోగొట్టుకుని, కొయ్యకాలితో సొంత ఊరు చేరి ఆసుపత్రి పెట్టిన మనిషి. కొయ్యకాలితో క్లచ్ తొక్కడం కుదరదు. అందుకని మద్రాసులో ఎవరో దొర వదిలించుకున్న అమెరికా కారు కొన్నారు. దానికి క్లచ్ పెడలే ఉండదు, గేర్లు తనంతట తానే మార్చుకుంటుంది. పల్లెలకు ఆయనే నడుపుకుంటూ పోయేవారు. కాన్పు కష్టమైతే అదే కారులో జమ్మలమడుగు పెద్దాసుపత్రికి చేర్చేవారు.

"కొన్నాళ్ల నుంచి గేర్లు చెడినాయప్పా," అన్నారు డాక్టరు గారు. "మిట్ట ఎక్కేటప్పుడు పై గేరు వదల్దు. మొన్న ముద్దనూరు ఎక్కుడులో నిలబడిపోయింది. లోపల నొప్పులు పడతాండే ఆడమనిషి. ఎద్దులు కట్టి లాగించినాం. తల్లీబిడ్డా దక్కినారు, అది నా గొప్ప కాదు. మద్రాసు షెడ్డోళ్లేమో గేరుపెట్టె అయిపోయింది, అమ్మేయమంటాండారు. నీ చేతిలో గూడా కాలేదంటే అమ్మేసి, ఆసుపత్రి మూసి, మా అన్న దగ్గరికి పోతా. డ్రైవరు వస్తాడా రాడా అని కాచుకోని కూచునే డాక్టరు పల్లెలకు యాడికి పనికొస్తాడు?"

రెండు రోజులు గడువు అడిగాను. మద్రాసు వాళ్లు కాదన్న పని అనేసరికి నాకు ఒళ్లు పొంగింది.

అలాంటి పాత కార్లలో గేరు ఎప్పుడు మారాలో నిర్ణయించేది నూనె ఒత్తిడి. బండి ఎంత వేగంగా పోతోందో ఒక ఒత్తిడి చెబుతుంది. యాక్సిలరేటరు ఎంత తొక్కారో రెండోది చెబుతుంది. ఒక తలుపును ఇద్దరు చెరో పక్కనుంచి తోసినట్టు ఈ రెండూ ఒక చిన్న వాల్వును తోస్తాయి. వేగం గెలిస్తే పై గేరు, పెడల్ గెలిస్తే కింది గేరు. పెడల్ సంగతిని గేరుపెట్టెకు అందించేది కార్బురేటరు నుంచి దిగే ఒక సన్నని రాడ్డు. దాని కొసన మరలు ఉంటాయి. నట్టు తిప్పి రాడ్డు పొడవు మార్చితే గేరు మారే వేగమూ మారుతుంది.

కారు స్పీడోమీటరు ఎప్పుడో చచ్చిపోయింది. రోడ్డు పక్కన ఫర్లాంగు రాళ్లు, నా జేబులో గడియారం ఉండగా దానితో పనేముంది? ఒక ఫర్లాంగును పద్దెనిమిది సెకన్లలో దాటితే గంటకు ఇరవై అయిదు మైళ్లు. అలా లెక్క కడుతూ మొదటి రోజంతా రాడ్డు సవరించాను. గేరు ఆలస్యంగా పడేట్టు బిగిస్తే చదును రోడ్డు మీద ఇంజను గగ్గోలు పెట్టేది. తొందరగా పడేట్టు వదిలితే మిట్ట మీద మూలిగేది. చదునుకు నప్పింది మిట్టకు నప్పలేదు.

రెండో రోజు డాక్టరు గారిని వెంటబెట్టుకుని ముద్దనూరు ఎక్కుడు మొదట్లోకి పోయాను. మూడుసార్లు ఎక్కించాం, మూడుసార్లూ సగంలోనే కారు చతికిలబడింది. చివరికి కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం మళ్లీ తీశాను. రాడ్డు ముట్టే ముందు పెడల్‌ను నేలదాకా తొక్కించి, కార్బురేటరు పూర్తిగా తెరుచుకుందో లేదో చూడాలని మొదటి వాక్యంలోనే ఉంది. అది పని నేర్చుకునేవాళ్లకు రాసిందనుకుని వదిలేసిన వాక్యం.

"సార్, ఒకసారి నేలదాకా తొక్కండి," అన్నాను.

"తొక్కినా గదప్పా. ఇంగ దిగదు."

బానెట్ కింద చూస్తే కార్బురేటరు సగమే తెరుచుకుంది. ఆయన్ని దింపి, పెడల్ కింద చాప ఎత్తి చూశాను. అక్కడ నిటారుగా ఒక అంగుళం బోల్టు ఉంది.

దాన్ని చూడగానే గుర్తుపట్టాను. బస్సు డ్రైవర్లు పెడల్‌ను నేలకు అదిమి పెట్రోలు తగలేయకుండా మా కంపెనీ ప్రతి బండికీ పెడల్ కింద ఒక అడ్డు బోల్టు బిగించేది. అన్నానికి ముందు చెయ్యి కడుక్కున్నంత అలవాటు మాకది. ఆ వేసవిలో డాక్టరు గారు బ్రేకుల పనికి వచ్చినప్పుడు, కాలు పోగొట్టుకుని కూడా పల్లెలు తిరిగే మనిషికి పెట్రోలు ఆదా కానీ అని, ఆయన అడగకుండానే, నా చేత్తోనే బిగించాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆయన కర్ర ఆనుకుని చేల వైపు తిరిగి నిలబడి ఉన్నారు. నేను బోల్టు ఊడదీసి జేబులో వేసుకున్నాను.

తర్వాత రాడ్డును పుస్తకం చెప్పిన కొలతకు తెచ్చాను. ఈసారి ఆయన ఒక్కరే ఎక్కారు. నేను కింద నిలబడి చెవులు రిక్కించాను. ఎక్కుడు నిటారైన చోట ఇంజను గొంతు ఒక్కసారి మారింది. కింది గేరు పడింది. అదే గొంతుతో కారు కొండ ఎక్కి కనుమరుగైంది. నా ఉద్యోగంలో నేను విన్న చప్పుళ్లలో నాకు ఇప్పటికీ ఇష్టమైనది అదే.

తిరిగివచ్చి ఆయన నా భుజం తట్టారు. "మద్రాసోళ్లకు చేతకానిది ప్రొద్దుటూరోడు చేసినాడప్పా! శానా గొప్ప చెయ్యి నీది!"

ఆ మాట కోసమే నేను రెండు రోజులు తంటాలు పడింది. జేబులో చెయ్యి పెడితే బోల్టు తగిలింది. ఉండబట్టలేక తీసి చూపించాను. "సార్, దీన్ని వేసవిలో బిగించింది నేనే. మేలు చేస్తాండా అనుకున్నా."

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఒక కాలు యుద్ధం తీసుకునింది. ఉన్న కాలికి నువ్వు అడ్డం బిగించినావు," అన్నారు. బోల్టును తిరిగి నా చేతిలో పెట్టారు. "బిగిస్తే బిగించినావు, కాగితం మీద ఎందుకు రాయలేదు? రాసింటే నేనే చూసి పీకేసుందును గదా. ఏం మందో రాయకుండా నేను నీకిస్తే మింగుతావా?"

షెడ్డుకు వచ్చి ఆ వేసవి జాబ్ కార్డు వెతికి తీశాను. బ్రేకులు అని ఒకే ఒక్క మాట, దాని కింద నా సంతకం. అదే కార్డు మీద, మొదటి పని కింద, పెడల్‌కు అడ్డు బోల్టు అని రాసి, రెండోసారి సంతకం చేశాను. ఆ రోజు నుంచి నేను ఉద్యోగం విడిచేదాకా, అడగకుండా చేసిన పని కూడా రాయనిదే మా షెడ్డు నుంచి ఏ బండీ గేటు దాటలేదు. గేరుపెట్టెలు నాకంటే బాగా తెలిసినవాళ్లు తర్వాత చాలామంది వచ్చారు. ఆ అట్టముక్కను మాత్రం నాకంటే బాగా నింపినవాణ్ణి నేను చూడలేదు.