పులుపు నలుపు ద్రాక్షకు ఉత్తరాలు రాసిన సాబ్

పోయిన నెల హుఫూఫ్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను రియాద్‌లో, బతా సందులో ఒక దుకాణం ఏసీ విప్పుకుని కూర్చున్నాను. "టైపిస్ట్ సాబ్ పోయిండన్నా. పొద్దున ఫజర్ నమాజుకు లేవలే," అన్నాడు ఆయన గదిలో ఉండే నిర్మల్ ఊరి మేస్త్రీ. రెండు రోజులుగా ఛాతీ పట్టేసినట్టుందని అన్నాడట. ఆసుపత్రికి పోదామంటే, "అక్కడ మొదట అడిగేది ఇకామానే కదప్పా," అని అటు తిరిగి పడుకున్నాడట. ఇకామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు. ఆయన కార్డుకు గడువు తీరి ఆరేళ్లు దాటింది.

ఆయనది మదనపల్లె, నాది జగిత్యాల దగ్గర పల్లె. హుఫూఫ్‌లో ఒక నిర్మాణ కంపెనీలో పనిచేసినన్నాళ్లూ ఒకే గదిలో ఉన్నాం. నేను ఏసీ మెకానిక్‌ని, ఆయన ఆఫీసులో టైపిస్టు. ఐదు పూటల నమాజు తప్పని మనిషి. చొక్కా గుండీ వదులైతే ఊడేదాకా ఆగేవాడు కాదు. కాగితం మీద ఒక్క అక్షరం తప్పు పడినా దిద్దకుండా మొత్తం మళ్లీ కొట్టేవాడు. "దిద్దిన కాగితం చూస్తే ఎదుటోనికి మన మీద అనుమానం పుడతాది," అనేవాడు.

అలాంటి మనిషి గ్రీసు దేశపు వైన్ కోసం ఉత్తరాలు రాశాడంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు.

మా సైట్ ఇంజినీరు గ్రీకు ఆయన. వాళ్ల దేశం ఉత్తరాన, కొండవాలులో ఆయన చెల్లెలికి ద్రాక్షతోట, వైన్ చేసే చిన్న కార్ఖానా ఉన్నాయి. తోటలో ఉన్నది ఆ నేల సొంత రకం, పేరు క్సినోమావ్రో. పరాయి దేశాల వ్యాపారులకు ఆ పేరు నోరు తిరగదు, కొనరు. చెట్లు పీకేసి అందరికీ తెలిసిన ఫ్రెంచి రకం వేద్దామా అని ఆమె ఆలోచనలో పడింది. దానికి ముందు చివరిసారిగా, ఆ వ్యాపారులకు మంచి ఇంగ్లీషులో ఉత్తరాలు రాసి చూద్దామని ఇంజినీరు మా సాబ్‌ను అడిగాడు.

"తాగడమే కాదు సార్, అమ్మిపెట్టడం కూడా మాకు తప్పే," అన్నాడు సాబ్.

ఇంజినీరు బలవంతం చేయలేదు. సెలవు మీద ఊరికి పోయి వచ్చేటప్పుడు మాత్రం టిఫిన్ డబ్బాలో ఆ ద్రాక్షపండ్లు తెచ్చాడు. సగం దారిలోనే వడిలిపోయాయి. "ఇవి పండ్లే కదా," అన్నాడు. నేనొకటి తిన్నాను. పులుపు, పైగా తొక్క నాలుకను పట్టేసింది. ఉమ్మేద్దామనుకున్నాను. సాబ్ బిస్మిల్లా అని నోట్లో వేసుకుని గింజదాకా నమిలాడు.

"మా మిద్దె మీద టమాటా ఒరుగులు ఎండేటప్పుడు ఉంటాదే, ఆ రుచప్పా ఇది," అన్నాడు నాతో.

పేరుకు అర్థమేమిటని అడిగితే, పుల్లనిది, నల్లనిది అని చెప్పాడు ఇంజినీరు. "పులుపు నలుపు," అని సాబ్ నవ్వాడు. ఆయన అలా పళ్లు కనబడేలా నవ్వడం నేను అప్పుడే చూశాను. చెట్టు గురించి, పండు గురించి మాత్రమే రాస్తానని, సీసా మాట ఎత్తనని షరతు పెట్టి ఒప్పుకున్నాడు. పేరు మార్చి పలకడానికి తేలికైనది పెడదామా అని ఇంజినీరు అంటే ఆయన ఊరుకోలేదు.

"నోరు తిరగకపోతే నేర్చుకుంటారు సార్. మదనపల్లె అనడం ఇంగ్లీషోళ్లు నేర్చుకోలేదా?"

ఆ ఉత్తరం నాకు చదివి తెలుగులో చెప్పాడు. ఈ పండు పేరులోనే దాని గుణం ఉంది. ఆలస్యంగా పండుతుంది, తొందరపెట్టేవాడికి లొంగదు. మా ఊళ్లో మిద్దె మీద ఎండిన టమాటా రుచి దీనిలో ఉంది. పుట్టిన కొండను వదిలి దూరం పోయి బతకడం దీనికి కష్టం.

తర్వాతి ఏడు కంపెనీ పని ఆగిపోయింది. ఇంజినీరు ఎగ్జిట్ వీసా కొట్టించుకుని తన దేశం వెళ్లిపోయాడు. మా పాస్‌పోర్టులు కఫీల్ దగ్గర, అంటే మమ్మల్ని తెచ్చుకున్న యజమాని దగ్గర ఉండిపోయాయి. సాబ్ గదిలో కూర్చుని లేబర్ ఆఫీసుకు ఒక్కొక్కరి అర్జీ అరబ్బీలో కొట్టిపెట్టాడు. నాదీ కొట్టాడు.

"సాబ్, మీది గూడ రాయుండ్రి గదా," అన్నాను.

"మీయన్నీ అయిపోనీ నాయనా. రాసేవాడు ముందు తనది రాసుకుంటే బాగుండదు."

నా అర్జీ నెగ్గింది. రియాద్‌లో వేరే కఫీల్ దగ్గరికి మారాను. అర్జీలు రాసింది ఎవరో తెలుసుకున్న పాత కఫీల్ ఆయన మీద 'హురూబ్' పెట్టాడు. పనిలోంచి పారిపోయాడని ఫిర్యాదన్న మాట. గది దాటని మనిషి పారిపోయినవాడయ్యాడు. ఇక అర్జీ పెట్టినా తీసుకోరు, ఊరికి పోనివ్వరు, రోడ్డు మీద దొరికితే పట్టుకుపోతారు. నేను శుక్రవారాలు పోయినప్పుడు తలుపు గడియ తీసే ముందు, "ఎవరప్పా?" అని రెండుసార్లు అడిగేవాడు.

అలాంటి ఒక శుక్రవారం ఇంజినీరు చెల్లెలు పంపిన ఫోటో చూపించాడు. చెట్లు పీకలేదట. సరుకు జపాన్, కెనడా పోతోందట. ఫోటోలో సీసా వెనక చీటీ మీద టమాటా మాటతో సహా ఆయన ఉత్తరమే ఉంది. నేను సంబరపడ్డాను. ఆయన ఫోన్ బోర్లించాడు.

"ఇంజినీరు సెలవు ఇప్పిస్తాడేమోనన్న ఆశ కూడా ఉండెనప్పా నాకు. అందుకే రాస్తి. చెట్టు గురించే కదా అని నన్ను నేను మభ్యపెట్టుకుంటి."

సీసా మీంచి నా మాటలు తీసేయండమ్మా అని ఆమెకు రాశాడు. ఆమె క్షమించమని జవాబిచ్చింది. మరుసటి ఏడు చీటీ మార్చి, ఆ మాటలను చెక్క పలక మీద రాయించి తోట మొదట్లో పాతించింది. ఆ ఫోటో చూశాక ఆయన మొహం తేటపడింది. "చెట్టు పక్కనుంటే మేలు. చెట్టు ఎవురికీ తాపదు కదా," అన్నాడు.

మనిషి పోయాక కాగితాల మీద కఫీల్ రెండు రోజుల్లో సంతకం పెట్టాడు. బతికుండగా ఆరేళ్లు అడిగిన సంతకం. మదనపల్లె నుంచి ఆయన భార్య, "అక్కడే మట్టి ఇయ్యండి నాయనా, ఇంకా కాగితాల కోసం ఆయన్ను ఆపొద్దండి," అంది.

ముస్లిం కానివాళ్లు ఖబ్రస్తాన్‌లోకి పోకూడదు కనుక నేను గేటు బయట నిలబడ్డాను. వేరే ఎవరినో సాగనంపడానికి వచ్చినవాళ్లు కూడా మా సాబ్‌కు భుజం పట్టారు. వాళ్లలో ఒక బెంగాలీ ఆయన బయటికి వచ్చి నన్ను చూసి ఆగాడు.

"ఆప్ కే కౌన్ థే?"

మీకేమవుతారని అడుగుతున్నాడు. ఒకే గదిలో ఉండేవాళ్లమని చెప్పాను. ఆయన మరి అడగలేదు. సాబ్ గోరీ మీద మట్టి వేసి ఇంకా కడగని తన కుడిచేత్తో నా కుడిచెయ్యి కాసేపు పట్టుకుని వెళ్లిపోయాడు.

రియాద్ బస్సు ఎక్కాక గుప్పిట తెరిచి చూసుకున్నాను. అరచేతి గీతల్లో తడిమట్టి ఆరుతోంది. డ్రైవర్ టికెట్ అడిగితే ఎడమచేత్తో తీసి ఇచ్చాను.