బంతికి నలుగు

మా కాలేజీలో ఫుట్‌బాల్ ఆట రోజున ఆడపిల్లలు చెయ్యదగ్గ పని ఒక్కటే ఉండేది, బంతికి పసుపు రాయడం. అరవకూడదు, ఈల వెయ్యకూడదు, కిరసనాయిలు డబ్బాలు వాయించకూడదు. షామియానా కింద బెంచీల మీద ఒద్దికగా కూర్చుని, గోల్ పడితే పక్కదాని చెయ్యి గిల్లాలి. మా ఆనందమంతా ఇంటికెళ్ళాక చేతుల మీద కమిలి కనిపించేది. ఆ పసుపు పని కూడా ఇవ్వకపోయుంటే నేను ఆ కాలేజీలో ఏదో ఒక అఘాయిత్యం చేసి ఉండేదాన్ని. ఇచ్చినా చేశాననుకోండి.

అరవైల చివర సంగతి. శ్రీకాకుళంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఏటేటా విజయనగరం కాలేజీతో ఆట ఉండేది. ఒక ఏడు వాళ్ళ ఊళ్ళో, ఒక ఏడు మా ఊళ్ళో. వాళ్ళకి కోట ఉంది, సంగీతం ఉంది, ఏం మాట్లాడినా రాజుల కాలం నుంచి ఎత్తుకునే అలవాటు ఉంది. మాకు ఏరుంది, నోరుంది. వాళ్ళు ఆమదాలవలసలో రైలు దిగి బస్సెక్కి వచ్చేసరికి మా కుర్రాళ్ళు ఎదురెళ్ళి, డబ్బాలు వాయిస్తూ ఊరేగింపుగా మైదానానికి తీసుకొచ్చేవారు. దూరం నుంచి చూస్తే మహా మర్యాదగా ఉండేది. దగ్గరికెళ్ళి వింటే, "ఒరే, పల్లకీ తెచ్చుకున్నారేట్రా? ఓడిపోయినాక మిమ్మల్ని ఎవలు మోస్తారు?" అని పరామర్శిస్తూ ఉండేవారు.

ఆట మొదలయ్యే ముందు మైదానం మధ్యలో పీట వేసి, దాని మీద బంతి పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, హారతిచ్చి కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. సగం ఆట అయ్యాక మళ్ళీ పసుపు, మళ్ళీ బొట్టు. ఆ పసుపుని ఎవరూ తుడవకూడదు. తన్నులకి అదే రాలాలి. వెనకెప్పుడో మా కెప్టెన్ ఒకడు బంతి జారుతోందని తువ్వాలుతో తుడిచాడట, ఆ రోజే మా గోల్‌కీపర్ చేతుల్లోంచి బంతి జారి గోల్లో పడిందట. తుడిచిన బంతి జారడమేమిటని అడిగిన వాళ్ళు లేరు. అప్పట్నుంచి బంతి మీద పసుపు తుడవడమంటే అమ్మవారి బొట్టు చెరిపినంత పాపం.

ఆ ఏడు ఆట మా ఊళ్ళో. దానికి కొద్ది రోజుల ముందు మా నాన్న కొట్టు కట్టేసి వచ్చి, అన్నం ముందు కూర్చుని, మా మామ్మతో ఒక సంబంధం గురించి చెప్పాడు. విజయనగరంలో ధాన్యం వర్తకుల ఇల్లు. కుర్రాడు అక్కడి కాలేజీలో ఆఖరి సంవత్సరం. ఫుట్‌బాల్ కూడా ఆడతాడు, గోల్‌కి ముందు నిలబడి అడ్డుకునే బ్యాకు. వాళ్ళ నాన్నది ఒకటే పట్టు, వేసవి ముహూర్తాల్లో పెళ్ళైపోవాలి, కోడలికి డిగ్రీ అక్కర్లేదు.

"ఆడపిల్ల డిగ్రీ సదివి ధాన్యానికి కాటా ఏస్తాదేటి, అన్నారు," అన్నాడు నాన్న. ఆ మాట ఆయనకి తప్పుగా తోచినట్టు లేదు.

మా నాన్నకి నా చదువంటే కోపం లేదు, ఇష్టమూ లేదు. వాన తగ్గేదాకా మనిషి అరుగు మీద నిలబడతాడు చూడండి, అలా సంబంధం కుదిరేదాకా నన్ను కాలేజీలో నిలబెట్టాడు. నాకు మాత్రం ఆ చదువంటే ప్రాణం. మూడో ఏడు చదివి, పరీక్ష రాసి, పాసై తీరాలని ఉండేది. ఎందుకంటే చెప్పలేను. మొదలుపెట్టిన పని మధ్యలో లాక్కుంటే నాకు ఒళ్ళు మండుతుంది, అంతే.

"కుర్రోడ్ని ఇంటికి పిలుద్దుమా?" అంది మామ్మ.

"ఇంటికి పిలిస్తే బజారంతా తెలుస్తాది. ఆటకెల్తే ఆట సూసినట్టుంటాది, కుర్రోడ్నీ సూసినట్టుంటాది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, కానీ ఆలోచన మాత్రం బాగా పట్టింది. విజయనగరం వాళ్ళు మల్లెపువ్వుల్లాంటి తెల్ల జెర్సీలు తొడుక్కుని వస్తారు. మా నాన్న బట్టల వర్తకుడు. పొందూరు పంచె మీద పులుసు చుక్క పడితే అన్నం మధ్యలో లేచిపోయే మనిషి. మరక పడ్డ బట్ట ఆయన కంటికి ఆనదు. దాన్ని తొడుక్కున్న మనిషీ ఆనడని నా ఆశ.

ఆట రోజు పొద్దున్న సన్నగా జల్లు పడి వెలిసింది. నేను మామ్మ డబ్బాలోంచి పసుపు దండిగా తీసుకెళ్ళి, ముద్దగా కలిపి, బంతిని ఒళ్ళో పెట్టుకుని పులమడం మొదలెట్టాను. బొట్టు పెట్టేంత చాలు, ఆనవాయితీ అంతే. నేను కుట్లన్నీ పూడిపోయేలా రాశాను.

హారతి పళ్ళెం పట్టుకున్న నా స్నేహితురాలు గుడ్లప్పగించి చూసింది. "ఒసే, బొట్టెట్టమంటే నలుగెట్టేస్తన్నావేటే? బంతికి పెళ్ళి సేస్తావా?"

"నా పెళ్ళి తప్పించుకోడానికే," అన్నాను.

రిఫరీ ఏదో హైస్కూల్లో డ్రిల్లు మేష్టారు. బంతి తీసుకుని చూశాడు, మా వంక చూశాడు, ఏమనుకున్నాడో కళ్ళకద్దుకున్నాడు. కనుబొమ్మలు పచ్చబడ్డాయి. విజయనగరం కెప్టెన్ ఏదో అనబోయాడు గానీ, మా కుర్రాళ్ళు డబ్బాలు ఆపి అందరూ ఒక్కసారి వాడి వంకే చూసేసరికి అమ్మవారి మీద వాడికీ భక్తి కుదిరింది.

ఆట మొదలైంది. నేను అనుకున్నదానికంటే గొప్పగా సాగింది. మా వాళ్ళవి మాసిన రంగు జెర్సీలు, ఏం పడ్డా తెలియదు. తెల్ల జెర్సీలు మాత్రం చూస్తుండగా పచ్చబడిపోయాయి. ఆ కుర్రాడికి వచ్చిన బంతినల్లా రొమ్ముతో ఆపే అలవాటుంది. కాసేపటికి మెడ నుంచి నడుం దాకా ముగ్గిన మామిడిపండులా తయారయ్యాడు.

"ఆ పచ్చటోడేనా?" అని అడిగింది మామ్మ, నా వెనక కుర్చీలోంచి.

"ఆడే," అన్నాడు నాన్న.

నేను మెడ తిప్పకుండా చెవులు మాత్రం వెనక్కి పెట్టాను. నాన్న చాలాసేపు చూసి అన్నాడు. "గుడ్డ మంచిదమ్మా. అంత రుద్దుడు రుద్దినా ఎక్కడా పోగు లేవలేదు. ఎక్కడ కొన్నారో అడగాల."

వర్తకుణ్ణి తండ్రిగా ఇచ్చిన దేవుణ్ణి ఏమనాలి?

సగం ఆట అయింది. గోల్ ఎవరికీ పడలేదు. ఆటగాళ్ళు బత్తాయిలు తిని చేతులు కడుక్కొచ్చారు. నేను మిగిలిన పసుపంతా కసిగా బంతికి పట్టించాను. ఈసారి అందులో భక్తి బొత్తిగా లేదు.

రెండో సగం మొదలవుతూనే మా వాళ్ళు బంతిని వాళ్ళ గోల్ మీదికి తోసుకెళ్ళారు. మా ఎడమ చివర ఆడే కుర్రాడు ఒక్క తన్ను తన్నాడు. వాళ్ళ గోల్‌కీపర్ ఒక పక్కకి, బంతి ఇంకో పక్కకి. గీత దాటబోతున్న బంతికి అడ్డంగా ఆ సంబంధం కుర్రాడు ఎగిరాడు, బంతి బయటికి పోయింది, అతను గీత మీద కుడిచెయ్యి ఆన్చి పక్కకి పడ్డాడు.

"సెయ్యి! సెయ్యి!" అని మైదానమంతా లేచింది. నేనూ లేచాను, అరిచాను కూడా. మా సంస్కృతం మేష్టారు నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది.

రిఫరీ దూరంగా ఉన్నాడు, చూడలేదు. పరుగెత్తుకొచ్చి అడిగితే ఆ కుర్రాడు రొమ్ము చూపించాడు. రొమ్మంతా పసుపే. మొదటి సగంలోదో ఇప్పటిదో ఎవడు చెప్పగలడు? నా చేత్తో రాసిన పసుపు అతనికే సాక్ష్యం పలుకుతుంటే నాకు ఏడుపొచ్చింది. రిఫరీ కూడా నమ్మేసి వెనక్కి తిరిగాడు. అతను అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"అమ్మతోడండీ, రొమ్ముకే తగిలినాది!" అని కుడిచెయ్యి పైకెత్తి ఒట్టు పెట్టాడు.

అరచెయ్యి ఎర్రగా ఉంది. పొద్దుటి జల్లుకి గోల్ గీత మీద పోసిన సున్నం తడిసి ముద్దై ఉంది. పసుపు చేత్తో దాని మీద పడ్డాడు. పసుపుకి తడి సున్నం తగిలితే ఏమవుతుందో మా వైపు ప్రతి పెళ్ళింట్లోనూ తెలుసు. కడిగిన చేతులతో వచ్చాడు, ఇంకా ఒక్క త్రో కూడా వెయ్యలేదు. ఆ చేతికి పసుపు ఎక్కడిది? మైదానం పగలబడి నవ్వింది. రిఫరీ కూడా ఈల ఊదలేక ముందు నవ్వు ఆపుకున్నాడు. పెనాల్టీ ఇచ్చారు, గోల్ కొట్టాం, ఆ ఒక్క గోల్‌తో గెలిచాం. ఆ ఒట్టు పెట్టినాయన మాత్రం ఇప్పటికీ, మా మనవల ముందు కూడా, అది రొమ్ముకే తగిలిందంటారు.

నా సంతోషానికి హద్దు లేదు. దొంగాట ఆడి, పైగా అబద్ధపు ఒట్టు పెట్టి, ఊరందరి ముందూ దొరికిపోయాడు. ఇలాంటివాడికి పిల్లనెవరిస్తారు? వెనక్కి తిరిగాను. మామ్మ కుర్చీలోంచి లేచి నిలబడి రెండు చేతులూ జోడించి ఉంది.

"ఒలమ్మ! పారాణి ఎట్టుకొచ్చినాడ్రా పెళ్ళికొడుకు! మన గుంట సేత్తో కలిపిన పసుపురా అది! ఇంకేటి సూస్తావు, అమ్మోరే కుదిర్సేసినాది."

నాన్న తల ఊపాడు. "అమ్మోరి సంగతి నాకు తెల్దు గానీ, సరుకు గడప దాటిపోతంటే సెయ్యడ్డెట్టి ఆపినాడు సూడు. యాపారంలో ఉండాల్సినోడే."

ఊరి అల్లరంతా నాదే అనుకునేదాన్ని. నా అల్లరి నా మెడకే చుట్టుకుంది. వేసవికి పెళ్ళి, పుస్తకాలు అటక మీదికి.

ఓడిన జట్టుకి గెలిచిన జట్టే ఫలహారం వడ్డించడం మా రివాజు. కానీ మా వీరులు గెలిచిన సంబరంలో బజారు మీద పడి ఊరేగుతున్నారు. ఆ పని మా ఆడపిల్లల మీద పడింది. నేను ఉప్మా గిన్నె పట్టుకుని తిన్నగా ఆ కుర్రాడి దగ్గరికే వెళ్ళాను. పాపం, ఎవరో సబ్బిచ్చినట్టున్నారు, కడిగేసుకున్నాడు. సబ్బుకి ఆ ఎరుపు ఇంకా చిక్కబడింది. ఎడమచేత్తో విస్తరాకు పట్టుకుని, కుడిచెయ్యి వెనక్కి దాచుకుని నిలబడ్డాడు.

గరిటెడు ఉప్మా వేసి, ఎవరికీ వినపడకుండా అన్నాను. "మీరు సూడ్డానికొచ్చిన పిల్ల నేనే. బంతికి పసుపు రాసింది కూడా నేనే. డిగ్రీ అవకండా నేను పెళ్ళి సేసుకోను."

అతను ఉప్మా వంకా, నా వంకా చూశాడు. "పిల్లని సూడ్డానికొచ్చినానా? నేను ఆడ్డానికొచ్చినానండి. నాకెవలూ సెప్పలేదు."

"మీ నాన్నగారు సెప్పినారు మా నాన్నకి. వేసవికి ముహూర్తమంట. కోడలికి సదువొద్దంట."

"ఇంకెంత ఉన్నాదండి సదువు?"

"వచ్చే ఏడు ఆఖరు."

"అయితే అవనివ్వండి," అన్నాడు, అదేదో ఇంకో గరిటె ఉప్మా అన్నంత తేలిగ్గా. "మా నాన్నతో నేను మాటాడతాను. మీ నాన్నగారితోనూ ఇప్పుడే సెప్పేస్తాను."

నాకు నమ్మకం కుదరలేదు. "రిఫరీకే అబద్ధం సెప్పినారు మీరు. నాకు నిజం సెప్తారని ఏటి నమ్మకం?"

"రిఫరీకి సెప్పినప్పుడు సెయ్యి ఎర్రబడిందని తెల్దండి," అన్నాడు సిగ్గుపడుతూ. నవ్వకూడదనుకున్నాను గానీ వచ్చేసింది.

విస్తరాకు అక్కడే బల్ల మీద పెట్టేసి, షామియానా కింద నిలబడ్డ నాన్నని నేను చూపిస్తే, ఆయన దగ్గరికి వెళ్ళాడు. దండం పెట్టబోయి, చెయ్యి గుర్తొచ్చి, మళ్ళీ వెనక్కి పెట్టుకున్నాడు. ఏం మాట్లాడాడో నాకు వినపడలేదు. నాన్న మొహం చిట్లించడం కనపడింది. మామ్మ ఏదో అడ్డు చెప్పబోవడం, అతను వంగి ఆమెకి నచ్చచెప్పడం కనపడింది. గిన్నెలో ఉప్మా చల్లారిపోతోంది, వరసలో ఉన్నవాళ్ళు పిలుస్తున్నారు, నేను అటే చూస్తున్నాను.

అతను వెళ్ళిపోయాక నాన్న నా దగ్గరికొచ్చాడు. గిన్నె వంక చూస్తూ అడిగాడు. "ఏటే, డిగ్రీ అయినాక ఏటి సేద్దామని నీకు?"

పుట్టి బుద్ధెరిగాక మా ఇంట్లో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఏ కూర కావాలో అడిగారు, ఏ రంగు ఓణీయో అడిగారు. నేనూ నన్నెప్పుడూ అడుక్కోలేదు, దక్కనివ్వరన్న భయంతో చదువు కోసం పోట్లాడటమే తప్ప. గరిటె పట్టుకుని అక్కడే, అందరి ముందూ, భోరున ఏడ్చేశాను.

"ఏడుపెందుకే? అడిగినానంతే," అన్నాడు నాన్న, కంగారుగా.

"తెల్దు నాన్నా," అన్నాను. "ఇంకా ఆలోసించలేదు. ఆలోసించి సెప్తాను."

"సెప్పు మరి," అన్నాడు ఆయన. అని, నేను చెప్పేదాకా కదలనన్నట్టు, పంచె ఎగదోపుకుని నా పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు.