విత్తనాల బుర్రలో దాచిన బిళ్ళలు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, కుంపటి సెగ అందరికీ చాలుతుంది. మా చెల్లెలి పెళ్ళిలో నేను వెలగబెట్టిన ఘనకార్యం చెబుతాను.

పెళ్ళికి కొన్ని వారాల ముందు నాకు మలేరియా వచ్చింది. మా ఊరి ఆశా కార్యకర్త సుగుణమ్మ బిళ్ళల షీటిచ్చి, "జొరం తగ్గిపోనాది కదాని మానీకు వదినా, మొత్తం మింగాల" అంది. సగం షీటుకే జ్వరం పారిపోయింది. నాకేమో ఏ మంచి వస్తువైనా విత్తనానికి కాస్త అట్టేపెట్టడం పుట్టుకతో వచ్చిన జబ్బు. మిగిలిన బిళ్ళల్ని రాజ్మా గింజలు దాచే ఎండు ఆనపబుర్రలో, బూడిద మధ్య కప్పెట్టాను. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ మందే మందు! ఎంత తెలివో చూశారా?

పెళ్ళిరోజు రానే వచ్చింది. థింసా ఆటలో వరసకు ముందు నిలబడాల్సింది పెళ్ళికూతురి అక్క, అంటే నేనే! కొత్త చీర కట్టి జీపెక్కాను. కొండ ఘాటీ రోడ్డులో ఒకటే కుదుపు. డ్రైవరు టీకి ఆపి ఇంజను కట్టేశాడు. అయినా జీపు ఊగుతూనే ఉంది! పాపం, బానెట్టెత్తి చూశాడు, చక్రాల కింద దూరి చూశాడు.

"బండి కాదురా బాబూ, వణికేది మా కోడలు!" అని మా అత్త అరిచింది.

పక్క సీట్లోని సుగుణమ్మ నా నుదురు తాకి చూసింది. "బిళ్ళలన్నీ మింగీసినావా?"

"సగం దాసినాను. ఇత్తనాల బుర్రలో."

"దాసుకోడానికి అయ్యేటి బెల్లం ముక్కలా? సగం మందుకి నీరసం క్రిములే సత్తాయి. మొండియి మిగిలి పిల్లల్ని పెడతాయి. రేపు ఊరందరికీ ఈ మందు పని సెయ్యకపోతే ఏటి సేత్తావు?"

మా అత్త గుండె బాదుకుంది. "ఓలమ్మో! ఆ బుర్ర నిన్ననే పెళ్ళికూతురికి కానుకని పంపీసినాను!"

జీపు ముందుగా ఆసుపత్రికి తిరిగింది. వేలు పొడిచారు, మలేరియానే అన్నారు. కొత్త మందు మింగుతుంటే జీపు జనమంతా నా గొంతులోకే చూశారు. దుప్పటి కప్పుకుని పెళ్ళికి చేరేసరికి థింసా మొదలైపోయింది. వరసకు ముందు, నా చోట్లో, మా అత్త!

ఆట ఆగాక పెళ్ళికొడుకు తల్లి కానుకగా వచ్చిన ఆ బుర్రను చేటలో బోర్లించింది. గింజలు రాలాయి, బూడిద రాలింది, తళతళలాడుతూ షీటు రాలింది.

"ఇదేటి పంట వదినా?"

మా అత్త ఏమాత్రం తడుముకోలేదు. "మలేరియా ఇత్తనం. మా కోడలు దాసింది. మీరు నాటకండి!"

ఇక నా రాజ్మా చేను సాక్షిగా చెబుతున్నాను: గింజ దాస్తాను, ఊరగాయ దాస్తాను, చినిగిన సంచీ కూడా దాస్తాను, బిళ్ళ దాచను గాక దాచను. మీ ఇంట విత్తనాల బుర్రలు ఎప్పుడూ నిండుగా ఉండాలి, మందుల షీట్లు ఆఖరి బిళ్ళదాకా ఖాళీ కావాలి, చల్లగా ఉండండి!