గుండుకి వేయకూడని బంతి

పోయిన వారం మా ఇంట్లో టీవీలో క్రికెట్టు నడుస్తోంది. నేను వంటింటి గడప దగ్గర కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుకుంటున్నాను. ఉన్నట్టుండి టీవీలో జనమంతా ఒక్కసారిగా మూలిగినట్టు వినిపించి తలెత్తాను. ఎవరో పిల్లవాడి హెల్మెట్‌కి బంతి తగిలింది. డాక్టరు పరుగెత్తుకొచ్చి, వేళ్ళు చూపించి ఏవో అడిగి, అతన్ని నెమ్మదిగా నడిపించుకుపోయాడు. అతని బదులు ఇంకొకణ్ణి పంపారు. దాంతో మా అబ్బాయికీ, అల్లుడికీ వాదం మొదలైంది. తలకాయకి వేసే బంతిని నిషేధించాలని అల్లుడు. "అది గూడా తీసేస్తే బౌలరు ఇంకెందుకు? బ్యాటు పట్టుకున్నోడికి హారతి ఇచ్చేదానికా?" అని మావాడు. "నువ్వేమంటావు అత్తమ్మా?" అని అల్లుడు మర్యాదకి నన్ను కూడా అడిగాడు. "అమ్మకేం తెలుసు క్రికెట్టు" అని మావాడే నా బదులు జవాబు చెప్పేశాడు. నేను నవ్వి గోరుచిక్కుళ్ళ గిన్నె దగ్గరికి లాక్కున్నాను. కానీ ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

నా పుట్టిల్లు నగరి. మా నాయనకి నాలుగు మరమగ్గాలుండేవి. నేను బడికి పోలేదు. మగ్గాల పక్కనే పలక పట్టుకుని నాయన దగ్గర అక్షరాలు, కూడికలు, స్వామివారి నామాలు నేర్చుకున్నాను. ఆ మోతలో చదువు చెప్పాలంటే అరవాలి, వినాలంటే నోటి కదలిక చూడాలి. ఇప్పటికీ నేను ఎదుటి మనిషి పెదాల వైపు చూస్తూనే మాట్లాడతానని అంటారు. వారానికి ఒకరోజు కరెంటు తీసేసేవారు. ఆ రోజు మగ్గాలన్నీ ఆగిపోతే ఊరంతా చెవుల్లో దూది పెట్టుకున్నట్టుండేది. ఆడవాళ్ళం బట్టలుతుక్కునేవాళ్ళం. మగవాళ్ళు రైలు పట్టాల పక్కనున్న బీడు నేలలో క్రికెట్టు ఆడేవాళ్ళు. బంతి కార్కుది, రాయికి చెల్లెలు. తలకి పెట్టుకునేదేమీ లేదు.

మా అన్న ఆ బంతిని వేసేవాడు. తెగిన పోగుల్ని అంత సుతారంగా అతికే మనిషి, బంతి చేతికొస్తే వేరే మనిషైపోయేవాడు. పుత్తూరు నుంచి వచ్చే జట్టు వాళ్ళు రైలు దిగుతూనే "మీ వాడికి జొరమేమన్నా వచ్చిందా?" అని ఆశగా అడిగేవాళ్ళట. అయితే ఆ బీట్లో ఒక కట్టుబాటుండేది. కొండకి పోయి స్వామికి తలనీలాలిచ్చి వచ్చినవాడికి, వెంట్రుకలు మళ్ళీ మొలిచేదాకా తల మీదికి ఎగిరే బంతి వేయకూడదు. ఎవరు పెట్టారో తెలీదు, ఎవరూ మీరేవారు కాదు. పుత్తూరు జట్టులో ఒకాయన నెలనెలా కొండెక్కేవాడు. అందులో భక్తి ఎంతో, మా అన్నంటే భయం ఎంతో ఆ స్వామికే తెలియాలి.

మా అక్కని ఇచ్చింది పుత్తూరులోనే. బావ కూడా ఆ జట్టులోనే ఆడేవాడు. పెళ్ళయిన నాలుగేళ్ళకి అక్క నెల తప్పింది. నాలుగో నెలలో మా ఇంటికి వచ్చి ఉండగా, బావ కొండకి పోయి మొక్కు తీర్చుకుని, ప్రసాదం తీసుకుని తిన్నగా మా ఇంటికొచ్చాడు. గుండుకి గంధం ఇంకా ఆరలేదు. ఆ రోజు కరెంటు లేని రోజు, పుత్తూరు వాళ్ళతో పందెం. కుండ నుంచి నీళ్ళు తాగి బయల్దేరబోతున్న బావకి నేనే తువ్వాలు ఇచ్చాను. "ఎండ మాడతా ఉండాది బావా, గుండు కాలిపోతాది, చుట్టుకో" అన్నాను. అన్న పొద్దున్నే బీటికి పోయాడు. బావ గుండుని అన్న చూడలేదు. తువ్వాలే చూశాడు.

బంతి ఎడమ చెవి పైన తగిలింది. తువ్వాలు విడిపోయి, గంధం పూసిన గుండు బయటపడినప్పుడు మా అన్న అక్కడే కూలబడ్డాడట. బావని లారీలో తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మూడు రోజులు మనిషి మనుషుల్ని గుర్తు పట్టలేదు. ఇంకో అంగుళం ముందుకి తగిలుంటే కష్టమయ్యేదన్నాడు డాక్టరు. ఆ అంగుళానికి నేను ఈ రోజుకీ పొద్దున దీపం పెట్టేటప్పుడు దణ్ణం పెట్టుకుంటాను. బావ లేచి కూర్చున్నాడు గానీ ఎడమ చెవి సగం పోయింది. ఆసుపత్రి వరండాలో అక్క కాళ్ళ మీద అన్న పడబోతే ఆమె వెనక్కి జరిగి ఒకే ఒక్క మాట అంది: "నా తాళి మీద వేసినావు గదరా బంతి." అంతే. ఆ తరవాత వాడితో మాట్లాడలేదు.

తువ్వాలు ఇచ్చింది నేనని అక్కకి చెప్పాను. "నువ్వు ఎండకి ఇచ్చినావు లే" అంది. నాకు దొరికిన ఆ మాట అన్నకి దొరకలేదు.

అన్న బంతి ముట్టడం మానేశాడు. కరెంటు లేని రోజు కూడా ఆగిన మగ్గం ముందు కూర్చుని, ఉన్న పోగుల్నే సరిచేస్తుండేవాడు. రెండు ఊళ్ళ వాళ్ళూ కూర్చుని కార్కు బంతి వద్దని కొందరు, రబ్బరు బంతితో ఆడేదానికి మీసాలెందుకని కొందరు పోట్లాడుకున్నారు. అక్క ఆసుపత్రి నుంచి మా ఇంటికే వచ్చింది, పురుడు దాకా ఇక్కడేనని నాయన అన్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరూ. మధ్యలో నేను. "ఆయప్పకి మజ్జిగ కావాల్నేమో అడుగు" అని వంటింట్లోంచి అక్క. "ఆమెని బరువు ఎత్తొద్దని చెప్పు" అని నడవలోంచి అన్న. ఇద్దరికీ ఇద్దరి మాటలూ వినపడుతూనే ఉండేవి. అక్క వడ్డిస్తే అన్న రెండు ముద్దలకి లేచిపోయేవాడు.

ఆదివారాలు వచ్చిపోయే బావ ఇదంతా చూసి చూసి, ఒకరోజు నన్ను పిలిచాడు. "పాపా, నేను బతికే ఉండాను గదా? మీ ఇంట్లో నాకే అనుమానం వస్తాండాది" అన్నాడు. బంతి దెబ్బ ఆపే కుల్లాయి ఒకటి కుట్టే పని నాకు అప్పజెప్పాడు. నాయన పాత పంచె నాలుగు మడతలు వేసి, మధ్యలో మగ్గాల కింద రాలిన వేస్టు నూలు దట్టంగా కూరి, నిలువునా అడ్డంగా కుట్టి, చెవుల మీదికి దిగే రెక్కలు పెట్టి, గడ్డం కింద ముడేసుకునే తాళ్ళు పెట్టాను. కుట్టుకొక గోవింద అనుకుంటూ తొమ్మిది రోజులు కుట్టాను. బావ అది పెట్టుకుంటే పసిబిడ్డ కుల్లాయి పెద్దదైనట్టుంది. అప్పడాల కర్రతో కొట్టి చూడమన్నాడు. భయం భయంగా కొట్టాను. "ఏం పాపా, అప్పడం ఒత్తతా ఉండావా?" అన్నాడు. గట్టిగా కొట్టాను. నవ్వాడు.

మరుసటి వారం, కరెంటు లేని రోజు పుత్తూరు జట్టు వచ్చినప్పుడు, బావ మా అన్నని చెయ్యి పట్టుకుని బీటికి లాక్కుపోయాడు. నాయన వద్దంటూనే వెనక పోయాడు. ఎనిమిదో నెల కడుపుతో అక్క, గొడుగు పట్టుకుని నేను, పట్టాల దగ్గర నిలబడ్డాం. అక్క నా మణికట్టు ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు చిట్లింది.

అన్న మొదటి బంతి దేవుడికి పువ్వు వేసినట్టు వేశాడు. బావ బ్యాటు ఎత్తనే లేదు. "ఏమప్పా, అల్లుడికి మర్యాద విస్తట్లో చెయ్యండి, బంతిలో వద్దు" అన్నాడు. రెండోదీ అంతే. బావ వికెట్ల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "నన్ను కొట్టినోడు యాడ పోయినాడో పిలవండి. వాడు వచ్చేదాకా నేను లెయ్యను."

అన్న బంతిని పంచెకి తుడిచాడు. తరవాత వెనక్కి నడిచాడు. మునుపు ఎంత దూరం నుంచి పరుగెత్తేవాడో అంత దూరం. బావ లేచి నిలబడ్డాడు. బంతి నేలకి తగిలి లేచింది, కుల్లాయి ఎడమ రెక్క మీద పరుపు దులిపినట్టు దబ్బుమంది. బావ రెండడుగులు తూలి చెయ్యి నేలకి ఆనించాడు. అన్న అప్పటికే ఏడుస్తూ సగం దూరం వచ్చేశాడు. బావ నడుము నిటారుగా చేసి, చెవి దులుపుకుని, "ఏం మోత రా సామీ! ఎడమ చెవికి గూడా వినపడింది" అన్నాడు.

అందరూ నవ్వారు, నాయనతో సహా. అన్న నవ్వలేదు. అక్క నా చెయ్యి వదిలి, బరువుగా, తిన్నగా నడిచిపోయింది. ఆ ఎనిమిదో నెల మనిషికి పుత్తూరు వాళ్ళంతా దారి ఇచ్చారు. ముందు బావ కుల్లాయి విప్పి, తల మొత్తం వేళ్ళతో తడిమి చూసింది. తరవాత అన్న వైపు తిరిగింది. "పొద్దున్నించి ఏం తినలేదంట గదరా నువ్వు. రా, అన్నం పెడతా" అంది.

ఆ తరవాత నేను ఎన్ని కుల్లాయిలు కుట్టానో లెక్క లేదు. అవి లేకుండా ఆ బీట్లో ఎవర్నీ బ్యాటు పట్టనిచ్చేవారు కాదు, ఎగిరే బంతి మాత్రం ఎగురుతూనే ఉండేది. మా అబ్బాయీ అల్లుడూ చెప్పేవి రెండూ నిజమేనని నాకు అప్పుడే తెలుసు. అక్కకి మగబిడ్డ పుట్టాడు, మేనమామ ఒళ్ళో చెవులు కుట్టారు. స్వామి దయ, అందరూ బాగున్నారు. ఒక ఇంట్లో నాలుగు నెలలు ఎంత పొడుగ్గా ఉండగలవో ఆ ఏడాది తెలిసింది; అవి అయిపోవడానికి మాత్రం ఒక మనిషి ఆ చివర నుంచి ఈ చివరికి పరుగెత్తుకొచ్చేంత సేపే పట్టింది.