నేను దిద్దిన వదిన పేపరు

మొన్న అన్న కూతురు కరీంనగర్ హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. డిగ్రీ ఫలితాలు వచ్చాయట. ఒక పేపర్లో సరిగ్గా పాస్ మార్కులే పడ్డాయట, అవి కూడా తను లెక్కేసుకున్న దానికంటే నాలుగు ఎక్కువేనట. "అత్తమ్మా, మోడరేషన్ అంటరు గదా, అదేంది? రాయని మార్కులు యాడికెల్లి వస్తయి?" అని అడిగింది. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన దాన్ని, ఎవరైనా ఏదైనా అడిగితే చాలు, పాఠం మొదలుపెట్టేస్తాను. పేపరు కఠినంగా వచ్చినప్పుడో, దిద్దేవాళ్లు మరీ పిసినారులైనప్పుడో పాసయ్యేవాళ్లు తగ్గిపోతారని, అప్పుడు పైన కమిటీ కూర్చుని, నాలుగైదు మార్కుల్లో ఆగిపోయిన వాళ్లను గట్టెక్కిస్తుందని చెప్పాను. "మరి ఎన్ని కలుపుతరో దిద్దెటోల్లకు ముందే ఎర్కైతదా?" అంది. పొయ్యి మీద పాలున్నాయని ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆ పిల్ల తల్లి, మా వదిన, సిరిసిల్లలో మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నేను ఇంటర్‌లో ఉన్నాను. మాది మరమగ్గాల మీద బతికిన ఇల్లు. వాటిని మావైపు సాంచాలంటారు. అన్న సాంచాలు నడిపేవాడు, వదిన వాటికి కావలసిన నూలు కండెలు చుట్టేది. నేను ఎమ్మే చదివింది ఆమె చుట్టిన కండెల పుణ్యాన్నే. ఈ మాట ఆమె ముందు ఒక్కసారి కూడా అనలేదు, అదేం బిడియమో. ముప్పై దాటాక ఆమెకు చదువు మీద మనసు పోయి దూరవిద్యలో డిగ్రీ కట్టింది. డిగ్రీ అయితే బీఎడ్, బీఎడ్ అయితే బడిలో కొలువు, ఇంక కండెల ముఖం చూడక్కర్లేదని ఆమె ఆశ. నా పాత నోట్సులన్నీ పట్టుకెళ్లి, ఒక్కో కాగితం గోడకు అంటించి, సాంచాల చప్పుడును మించి గట్టిగా చదివేది. నిజాం కాలపు భూమిశిస్తు మా వాడకట్టు మొత్తానికీ నోటికొచ్చిందని అన్న నవ్వేవాడు. "పంతులమ్మా, నీ రాత చూస్కుంట రాస్తుంటె నాకు సుత తెలివచ్చినట్టే అనిపిస్తది" అనేది వదిన. నన్ను పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు, పంతులమ్మనే.

వదిన చివరి ఏడు పరీక్షలు రాసిన ఎండాకాలం కరీంనగర్‌లో పేపర్లు దిద్దే క్యాంపు పెట్టారు. పొద్దున్నే ఒక్కొక్కరికి ఒక కట్ట ఇచ్చేవారు. నంబరు ఉన్న ముక్క చింపేసి, దాని బదులు ఒక కోడ్ వేసేవారు కాబట్టి ఎవరి పేపరు ఎవరిదో తెలియదు. కొందరు మధ్యాహ్నం పులిహోర వచ్చేలోపే కట్ట ముగించేవారు. వాళ్లు పేపరు చదివేవారో, తూకం వేసేవారో నాకు ఇప్పటికీ అనుమానమే. నేను మాత్రం ప్రతి వాక్యం చదివేదాన్ని, మార్కులు గీచి గీచి వేసేదాన్ని, అలా వేస్తానని నాకు గర్వం కూడా ఉండేది. మూడో రోజు కట్టలో ఒక పేపరు తెరిచేసరికి నా వాక్యాలే కనబడ్డాయి. భూమిశిస్తు మీద నేను పదేళ్ల కింద రాసుకున్న నోట్సు, అక్షరం పొల్లు పోకుండా, వదిన గుండ్రటి రాతలో.

తెలిసినవాళ్ల పేపరు వస్తే కట్ట వాపసు చేయాలన్నది నియమం. చేయలేదు. అంతకుముందు రోజే ఎవరో బామ్మర్దికి మార్కులు వేసుకున్నాడని క్యాంపంతా గుసగుసలు నడిచాయి. నా నోటితో మా వదిన పేపరు అనడానికి సిగ్గేసింది. ఎవరికైనా వేసినట్టే వేస్తే ముప్పై ఎనిమిది వచ్చేవి. వందకు ముప్పై ఐదు వస్తే పాస్. కానీ రేపు ఎవరైనా వేలెత్తి చూపితే? ఆ భయంతో ఒక్కో జవాబులో ఒకటీ రెండూ తగ్గిస్తూ పోయి ముప్పై రెండు దగ్గర ఆగాను. ఎందుకంటే అప్పటికే మా చీఫ్ ఎగ్జామినర్, ఆదిలాబాద్ నుంచి వచ్చిన పెద్ద సారు, అందరికీ భరోసా ఇచ్చి ఉన్నాడు. "ఫికర్ జెయ్యకుండ్రి. హిస్టరీల పాసైనోల్లు తక్కువున్నరు. పైకెల్లి ఐదు కలుస్తయి, ఏటా గంతే." ఐదు కలిస్తే వదిన పాసవుతుంది, నా చేతికి మరకా అంటదు. ఎంత తెలివిగా ఆలోచించానో అప్పుడు.

ఆ ఏడు కమిటీ రెండు మార్కులే కలిపింది. ముప్పై మూడు వచ్చినవాళ్లు పాసయ్యారు.

వదిన మెమో పట్టుకుని మా ఇంటికి వచ్చింది. తక్కిన అన్ని పేపర్లూ పాస్. నా సబ్జెక్టే పోయింది. ఏడవలేదు. నా ఎదురుగా కూర్చుని ఏ ప్రశ్నకు ఏం రాసిందో వరసగా చెప్పింది, అన్నీ సరిగ్గా చెప్పింది. "నా పేపరు నీ చేతిల పడ్తె పాసైతుంటినేమో పంతులమ్మా" అంది. తర్వాత, మళ్లీ దిద్దించడానికి దరఖాస్తు పెట్టమంటావా అని అడిగింది. పెడితే ఆ పేపరు బయటికి వస్తుంది, దాని మీద నా సంతకం ఉంది. "దండుగ వదినె, ఏం పెరగయి" అన్నాను. "నువ్వు చెప్పినంక ఇగ ఏముంటది. నా తెలివి గంతే ఉన్నట్టుంది" అని మెమో నాలుగు మడతలు పెట్టుకుని లేచింది. బీఎడ్ ప్రవేశాలు ఆ ఏడు అలాగే దాటిపోయాయి. మళ్లీ రాయమని అన్న ఎంత చెప్పినా ఆమె పరీక్ష ఫీజు కట్టలేదు. నోట్సులన్నీ దుమ్ము దులిపి నాకే తెచ్చిచ్చింది. చివరిదాకా కండెలే చుట్టింది.

పోయినేడు వదిన చనిపోయింది. ఆసుపత్రిలో ఆమె పక్కన నాలుగు రోజులున్నాను. వచ్చిన నర్సుకల్లా "మా ఆడిబిడ్డ, పెద్ద కాలేజీల లెక్చరర్" అని నన్ను చూపించింది. అప్పుడు కూడా చెప్పలేదు. పరీక్షలో టైము చాలలేదని పిల్లలు ఏటా అంటుండేవాళ్లు, నేను కసురుకునేదాన్ని. నాకు ఆ మాట అనుకునే వీలు కూడా లేదు. వదినకు ఒక్క మాట చెప్పడానికి ఇరవై ఐదేళ్లు చాలా ఎక్కువ టైము.