పెరుగన్నం దాకా

పక్షవాతం నన్ను పూర్తిగా పడగొట్టలేదు. కుడిచేతి మీద దెబ్బకొట్టి వదిలేసింది. చూడటానికొచ్చిన ప్రతివాళ్ళూ అదృష్టవంతులండీ అనేవారు. ఆ అదృష్టం ఏపాటిదో కంచం ముందు కూర్చుంటే తెలుస్తుంది. చిన్నపిల్లాడికి పెట్టినట్టు నా భార్య అన్నం కలిపి నోట్లో పెట్టేది. నాది అయ్యాక, చల్లారిపోయిన మెతుకులు తను తినేది.

కాకినాడలో ఫిజియోథెరపీకి వెళ్ళిన మొదటిరోజు అక్కడి అమ్మాయి నా వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసి, మీ గోల్ ఏంటి సార్ అని అడిగింది. నయమవ్వాలి అన్నాను. అలా కాదండి, మెజరబుల్ గోల్ ఏదైనా చెప్పండి అంది. నాకు నవ్వొచ్చింది. సర్వీసంతా ఆఫీసు మీటింగుల్లో ఆ మాటని పోపులో ఆవాల్లా చల్లినవాణ్ణి, నాకా చెప్పడం! గొంతు సవరించుకుని, నెలాఖరుకల్లా అరవై శాతం ఇంప్రూవ్‌మెంట్ అన్నాను. అంకె వేశాం కాబట్టి కొలత వచ్చేసినట్టేనని నా ధీమా.

దేన్లో అరవై శాతం, దాన్ని ఎలా కొలుస్తాం అని ఆ అమ్మాయి మర్యాదగానే అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చూడమ్మా, మా బావమరిది ద్రాక్షారామంలో ఇల్లు కట్టుకున్నాడు. ఆ గృహప్రవేశంలో నేను అందరితోపాటు బంతిలో కూర్చుని, పప్పన్నం దగ్గర్నుంచి పెరుగన్నం దాకా నా చేత్తో నేనే తిని లేవాలి. చాలా?"

"ఇదేనండి మెజరబుల్ గోల్ అంటే," అంది. "అయ్యిందో లేదో చూసినవాళ్ళు ఎవరైనా చెప్పగలగాలి."

కోపంలో అన్న మాట అలా ఖరారైపోయింది. ఇంటికొచ్చాక భయం పట్టుకుంది. నయమవ్వాలి అన్నంతకాలం ఓడిపోయే ప్రసక్తే లేదు, ఎంతోకొంత నయమేనని సర్దుకోవచ్చు. ఇప్పుడు అలా కుదరదు. ముద్ద నోటికైనా చేరాలి, ఒళ్ళోనైనా పడాలి.

మా వైపు బంతి భోజనంలో ఒక మర్యాద ఉంది. చివరివాళ్ళు తినడం పూర్తయ్యేదాకా ఎవరూ లేవరు. నావల్ల అంతమంది చేతులు ఎండబెట్టుకుని, నా తిప్పలు చూస్తూ కూర్చోవాల్సొస్తుందని తలుచుకుంటేనే చిన్నతనంగా ఉండేది. ఎడంచేత్తో తింటే ఏం పోయిందండీ అని మా బావమరిది ఫోన్‌లో అన్నాడు. నలుగురిలో ఎడంచెయ్యి ఆకులో పెట్టడం నావల్ల కాదు. రానని చెప్పేద్దామని కూడా అనుకున్నాను.

రోజూ సాధన చేసేవాణ్ణి. పప్పన్నం కాస్త నయం, ముద్ద నిలుస్తుంది. పెరుగన్నం మాత్రం వేళ్ళ సందుల్లోంచి జారిపోయేది. ఎలా ఉంది అని అడిగితే మా ఆవిడ ఎప్పుడూ, చాలా నయమండీ అనేది. ఒకరోజు విసుక్కున్నాను. ఆ నయం అనే మాట ఇంక అనొద్దు, ముద్ద నోట్లోకి వెళ్ళిందో ఒళ్ళో పడిందో అది చెప్పు అన్నాను.

"ఒళ్ళో పడిందండీ," అంది మెల్లగా.

గృహప్రవేశం రోజు బంతి చివర మా ఆవిడ కూర్చుంది, పక్కన నేను. ఆకు మీంచి తల ఎత్తితే ఒట్టు. పప్పన్నం నోటికి చేరింది. పనసపొట్టు కూర కలుపుతుంటే కాసిని మెతుకులు రాలాయి, అయినా చేరింది. చారు కొంత మోచేతి దాకా కారింది. పెరుగు వడ్డించేసరికి చొక్కా చెమటతో తడిసిపోయింది. అన్నం గట్టిగా పిసికి, చిన్నచిన్న ముద్దలు చేసి, ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే నోటికి అందించుకున్నాను. ఆకు ఖాళీ అయ్యింది.

అప్పుడు తల ఎత్తి చూస్తే బంతి బంతంతా తినడం ముగించి కూర్చునుంది. నేను భయపడినంతా అయ్యింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆలస్యమైపోయింది, క్షమించండి, ఇంక లేవండి అన్నాను.

నాకు ఇటుపక్కనున్న పెద్దాయన గొంతు తగ్గించి, "మీ గురించి కాదండి. అమ్మగారు ఇంకా మొదలెట్టలేదు," అన్నారు.

పక్కకి తిరిగాను. మా ఆవిడ ఆకులో వడ్డించినవన్నీ వడ్డించినట్టే ఉన్నాయి. పప్పు మీద నెయ్యి పేరుకుపోయింది. తన అరచెయ్యి నా మోచేతి చాటున, ఒడికి పైన, ముద్ద జారితే పట్టుకోవడానికి చాపి ఉంది. ఎంతసేపటి నుంచి అలా పట్టుకుందో నేను చూడనేలేదు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"అయిపోయింది. చెయ్యి తీసేయ్. నువ్వు తిను," అన్నాను.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని ఆ చల్లారిన పప్పన్నం కలుపుకుంది. తను తిన్నంతసేపూ బంతిలో ఎవరూ లేవలేదు.