రెండో చెవి కోసం చెన్నై దాకా

విశాఖలో నా జీతం చేతికి యాభై రెండు వేలు. చెన్నైలో ఇస్తామన్నది తొంభై ఐదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, తప్పులు వెతకడమే నా బతుకుతెరువు. అందుకే ముందు ఓ కాగితం మీద రెండూళ్ల ఖర్చులూ పక్కపక్కన రాసుకున్నాను. ఇక్కడ అద్దె పదకొండు వేలు, అక్కడ ఇరవై. ఇక్కడ అడ్వాన్సు రెండు నెలలది, అక్కడ ఆరు నెలలది. పాలు, కరెంటు, ఆటోలు అన్నీ పోగా చెన్నైలో నెలకు పదిహేను వేలు ఎక్కువ మిగులుతాయని తేలింది.

ఆ పదిహేను వేల మీదే నా కన్ను. మా మేఘకు ఏడేళ్లు, పుట్టు చెవుడు. ఒక చెవికి ఆపరేషన్ చేయించి మిషన్ పెట్టించాం. నాలుగేళ్లుగా మాటలు నేర్పిస్తున్నాం. రెండో చెవికీ చేయించాలంటే లక్షలు కావాలి, ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుందని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. ఓడరేవులో ఉద్యోగం చేసే మా ఆయన ఊరు వదిలి రాలేడు. మేఘను నాతోనే తీసుకెళ్లాలనుకున్నాను. రోజూ దాన్ని కూర్చోబెట్టి మాట్లాడించేది నేనే మరి! చెన్నై ఎలా ఉందో చూసి, సోమవారంలోగా ఉద్యోగానికి అవునో కాదో చెప్పాలి.

శుక్రవారం సాయంత్రం ఏడింటికి రైలు. థర్డ్ ఏసీలో మనిషికి పదకొండు వందల చిల్లర. పిల్లలకు సగం టికెట్టే కదా అనుకునేరు, ఐదేళ్లు దాటిన పిల్లలకు బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. పులిహోర కట్టుకెళ్లాం. ఎదుటి బెర్తులో చెన్నైలో పనిచేసే శ్రీకాకుళం కుర్రాడున్నాడు. జీతాల మాట ఎత్తగానే నవ్వేశాడు.

“అంకె పెద్దగానే కనబడతాదక్కా. అద్దె, నీళ్ల క్యాన్లు, కేబులు పోతే ఏటీ మిగల్దు. అలాగని మనూళ్లో ఉండి ఏటి సేస్తాం?”

మేఘ అతని వైపు చూసి, “అన్నా, నీ పేరేంటి?” అంది, ఒక్కో మాటా ఆపి ఆపి. కొత్తవాళ్లను అలా పలకరించడం వెనక మూడు నెలల సాధన ఉంది.

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు సెంట్రల్‌లో దిగాం. దగ్గర్లోనే లాడ్జి, రోజుకు పధ్నాలుగు వందలు. ఆటోవాలా వెనక్కి తిరిగి మేఘను ఏదో పలకరించాడు. అది చెవి వెనక చెయ్యి పెట్టుకుని, “అమ్మా, మిషన్ పాడైపోయింది” అంది. బ్యాటరీ మార్చాను. టిఫిన్ దగ్గర వడ్డించే అతను ముద్దుగా ఏదో అడిగాడు. మళ్లీ అదే మాట. మళ్లీ మార్చాను. మధ్యాహ్నం, ఊరికి దక్షిణాన ఆఫీసు దగ్గర ఇల్లు చూస్తున్నప్పుడు ఇంటావిడ పలకరించింది. మేఘ మూడోసారి అదే పాట ఎత్తుకుంది. మిషన్ దీపం నిక్షేపంలా వెలుగుతోంది.

“ఊరికే వేధించకు!” అని కసిరాను. అది తలవంచుకుంది.

ఇల్లు బాగానే ఉంది. రెండు గదులు, గాలీ వెలుతురూ. అడ్వాన్సు లక్షా ఇరవై వేలు.

నాలుగింటికి సెంట్రల్ దగ్గర్లోని చూలై పేటకు చేరాం. లేత్ మిషన్ల చప్పుడు నిండిన సందులో అలమేలమ్మగారి ఇల్లు. చెవిటి పిల్లలకు మాటలు నేర్పడంలో పేరున్న మనిషి, పైగా తెలుగావిడ. ఆవిణ్ణి నమ్ముకునే మేఘను తీసుకురావాలనుకున్నాను.

“రామ్మా, ఈడ కూచో. మా తాతల కాలం నించీ ఈడనే ఉండాం” అందావిడ.

గంటసేపు మేఘతో మాట్లాడింది. అది అన్నిటికీ టకటకా జవాబు చెప్పింది. పొద్దుటి నుంచీ మిషన్ గురించి గొడవ చేస్తోందని చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, మేఘను పక్క కొట్టుకు తీసుకెళ్లింది. కొట్టతను ఏం కావాలని తమిళంలో అడిగాడు. మేఘ అతని నోటికేసి చూసింది. చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. నా వైపు భయంగా చూసిందే గాని, ఈసారి ఏమీ అనలేదు.

“మిషన్‌కి ఏమీ కాలేదమ్మా” అంది అలమేలమ్మగారు నెమ్మదిగా. “అరవం అనేది ఒకటి ఉండాదని ఆ బిడ్డకి తెలీదు. మాట అర్థం కాకపోతే చెవి పోయిందనుకుంటా ఉండాది.”

అయ్యో నా తల్లీ! పధ్నాలుగేళ్లుగా అందరి తప్పులూ పట్టేదాన్ని, నా బిడ్డ భయం పట్టుకోలేకపోయాను. పైగా కసిరాను.

“మీరు నేర్పితే అలవాటు కాదా అండీ?”

“నా కాడ వారానికి మూడు గంటలు. మిగతా పొద్దంతా ఇస్కూల్లో, వీధిలో అరవమే. ఇంకో రెండేళ్లు ఒక్క బాసలో నిలబడనీమ్మా. వస్తే నాకు ఫీజు వస్తాది, అయినా చెప్తా ఉండా. పావం, బిడ్డని పిలుచుకొని రావద్దు.”

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. నా కాగితం మీద నీళ్ల క్యానుకు కూడా ఓ పద్దు ఉంది, భాషకు లేదు.

లాడ్జికి వచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను. సంగతంతా చెప్పాను. “మా అమ్మను వచ్చి ఉండమంటాను. నువ్వు నెలకు రెండుసార్లు రా” అన్నాడు. ఆరున్నరకు ఉద్యోగానికి సరేనని మెయిల్ పెట్టాను. లేడీస్ హాస్టల్ తొమ్మిది వేలు, రైలు చార్జీలు ఐదు వేలు. ఇంటి అద్దె తప్పింది కాబట్టి మిగిలేది ఇంకా ఎక్కువే. ఆ లెక్క చూసి ఏడుపొచ్చింది. ఇక్కడివాళ్ల మాటలు వేరని మేఘకు చెప్పబోయాను. అది మిషన్ తీసి నా చేతిలో పెట్టి పడుకుంది.

ఆదివారం ఉదయం ఏడింటి రైలెక్కాం. ఈ దారిన వెళ్లబోయేవాళ్లు అడిగితే చెబుతాను, జీతం చెన్నైలోనే నయం, మిగులూ అక్కడే. కాకపోతే వెంట ఎవరిని తీసుకెళ్లగలరో ముందు చూసుకుని, తర్వాత అద్దె సంగతి చూసుకోండి.

తొమ్మిదింటికి గూడూరు. కిటికీ పక్క సీటులో మేఘ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. టిఫిన్ బుట్టతో ఒకతను పెట్టెలోకి వచ్చాడు.

“ఇడ్లీ, వడ! పాపా, ఇడ్లీ కావాలా?”

మేఘ ఉలిక్కిపడి, “కావాలి!” అంది. చెవి వెనక చెయ్యి పెట్టుకుని నా వైపు తిరిగింది. నిన్నటి నుంచీ చూడని నవ్వు.

“అమ్మా, మిషన్ బాగైపోయింది! ఇంక చెన్నై వెళ్దాం. నువ్వూ నేనూ.”

పొట్లం విప్పి దాని ఒళ్లో పెట్టాను. విశాఖకు ఇంకా పదకొండు గంటలుంది. ఆలోగా, చెన్నైకి నేనొక్కదాన్నే వెళ్తానని దానికి చెప్పాలి, అదీ దానికి వచ్చిన మాటల్లోనే.